వెలిగే విత్తనాలు

బాలలూ! ఈ నెల మీకు ఒక వెలుగు సంగతి చెపుతాను. కాని దానికి ముందు, నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి.

అది 1988వ సంవత్సరం. నాకు ఉద్యోగం వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో సైన్సు చెపుతూ ఉండేవాణ్ణి. ఆగస్టు 15 దగ్గర పడుతున్నదని బడికి వెల్ల వేయిస్తున్నాము. వరండా చివర సున్నపు తొట్టి పెట్టారు. తొట్టీ, కుంచే కనిపిస్తే పిల్లలు ఊరుకుంటారా? ఆరో తరగతి కుర్రవాడొకడు కుంచె తీసి తొట్టిలో గట్టిగా కొట్టాడు. సున్నం చిమ్మి వాడి కుడికంట్లో పడింది.

వాడు కెవ్వుమన్నాడు. నేను పరుగెత్తుకు వెళ్ళాను. పక్కనే నీళ్ళ గోలెం ఉన్నది, చెంబు కూడా ఉన్నది. చెంబు ముంచాను. ఇంతలో గుమిగూడిన వారిలో ఎవరో, "నీళ్ళు పొయ్యకండి! సున్నం మీద నీళ్ళు పడితే పొంగుతుంది. కన్ను ఉడికిపోతుంది!" అని అరిచారు. ఆ మాట నాకూ నిజమే ననిపించింది. సున్నపురాయి మీద నీళ్ళు పోస్తే సలసల కాగటం పిల్లలకు స్వయంగా చేసి చూపించినవాణ్ణే గదా! చెంబు కింద పెట్టేశాను. గుడ్డతో కన్ను తుడిచాము. ఎవరో ఆముదం తెచ్చి వేశారు. బస్సు కోసం కాచుకుని, పట్నం చేరేసరికి రెండు గంటలు పట్టింది.

డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న: "ఎంతసేపు నీళ్ళతో కడిగారు?"

నా దగ్గర జవాబు లేదు.

నీళ్ళు పోస్తే కాగేది కాల్చిన సున్నపురాయి. వెల్ల వేసే సున్నం అప్పటికే నీళ్ళు తాగి చల్లారినది. దాని మీద ఎన్ని నీళ్ళు పోసినా వేడెక్కదు, కొట్టుకుపోతుంది. కొట్టుకుపోకుండా కంట్లో ఉన్న ప్రతి నిమిషమూ అది కంటిని తినివేస్తూ ఉంటుంది. ఇదంతా పుస్తకంలో ఉన్నదే. నేను చదివినదే. కాని అవసరం వచ్చినప్పుడు సగం పాఠం మాత్రమే గుర్తుకు వచ్చింది.

కొన్ని నెలలు గడిచాయి. కుర్రవాడి కంట్లో ఎరుపు తగ్గలేదు. నల్లగుడ్డు మీదికి తెల్లని పొర, దానిలో సన్నని రక్తనాళాలు పాకివచ్చాయి. చూపు పోయింది. ఏమీ చేయలేమా అని నేను అడిగితే డాక్టరుగారు, "ఈ పొర తీసివేస్తే మళ్ళీ వస్తుంది, మాస్టారూ. కంటి మీద మంచి పొర మొలిపించే విత్తనాలు మాడిపోయాయి," అన్నారు.

ఆ విత్తనాలు ఏమిటి? వాటిని మరొక చోటి నుంచి తెచ్చి నాటవచ్చునా? తెచ్చినవి నిజంగా విత్తనాలో, వట్టి తాలు గింజలో ఎట్లా తెలుస్తుంది? నేను మీకు చెప్పబోయే కథ ఇదే.

కంటికీ ఒక నారుమడి

మీరు అద్దం దగ్గర నిలబడి మీ కంటిని పరీక్షగా చూడండి. మధ్య నల్లగుడ్డు, దాని చుట్టూ తెల్లగుడ్డు కనిపిస్తాయి. నల్లగుడ్డు మీద గడియారం అద్దం లాగా పారదర్శకమైన పొర ఒకటి ఉన్నది. దాన్ని కార్నియా అంటారు. వెలుతురు దాని గుండానే లోపలికి పోతుంది. అందులో రక్తనాళాలు లేవు. ఉంటే మనకు లోకమంతా మసకగా కనిపించేది!

కార్నియా పైభాగాన జీవకణాలు అయిదారు వరసలుగా పేర్చి ఉంటాయి. అన్నీ కలిసినా ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందం మాత్రమే. మనం రెప్ప వేసినప్పుడల్లా వాటిలో పాతవి రాలిపోతూ ఉంటాయి, కొత్తవి వస్తూ ఉంటాయి. వారం పది రోజులలో ఆ పొర మొత్తం కొత్తదైపోతుంది.

కొత్త కణాలు ఎక్కడి నుంచి వస్తాయి? నల్లగుడ్డూ, తెల్లగుడ్డూ కలిసే చోట సన్నని అంచు ఒకటి ఉన్నది చూశారా? ఆ అంచే కంటికి నారుమడి. అక్కడ మూలకణాలు అనేవి ఉంటాయి. ఒక మూలకణం రెండుగా చీలితే, ఒకటి మూలకణంగానే ఉండిపోవచ్చు. రెండవది మధ్యకు జరుగుతూ, పెరుగుతూ, కొన్నిసార్లు చీలి, చివరకు పొరలో కలిసి రాలిపోతుంది. అంటే, నారుమడి బాగున్నంత కాలం చేను పచ్చగా ఉంటుంది. నారుమడి మాడిపోతే, చేనులోకి పక్కనుంచి కలుపు పాకినట్టు, తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకివస్తుంది. మా కుర్రవాడి కంటికి జరిగినది ఇదే.

1997లో ఇటలీ దేశంలో గ్రాజియెల్లా పెల్లెగ్రీని అనే ఆవిడా, మికేలె డెలూకా అనే ఆయనా, తమ తోటి వైద్యులతో కలిసి ఒక గొప్ప పని చేసి లోకానికి తెలియజేశారు. ఒక కన్ను కాలిపోయి, రెండవ కన్ను బాగున్న రోగులు ఇద్దరికి, బాగున్న కంటి అంచు నుంచి మిల్లీమీటరో రెండో ఉన్న ముక్క తీశారు. దాన్ని ప్రయోగశాలలో గాజు పళ్ళెంలో పెట్టి పెంచి, పలచని కణాల పొరగా చేసి, కాలిన కంటి మీద నాటారు. అది అంటుకున్నది. చూపు వచ్చింది!

కాని, తరవాత ఎక్కువ మందికి ఈ చికిత్స చేసినప్పుడు ఒక చిక్కు కనబడింది. కొందరికి నాటినది కలకాలం నిలిచింది. కొందరికి కొద్ది నెలలు బాగుండి, ఆ పైన పాత పొరే మళ్ళీ వచ్చింది. పళ్ళెంలో చూస్తే రెండూ ఒకటే రకంగా కనిపించాయి మరి!

రైతు దగ్గర ఈ చిక్కుకు ఉపాయం ఉన్నది. విత్తనపు వడ్లను ఉప్పునీళ్ళలో పోస్తే తాలు తేలుతుంది, గట్టి గింజ మునుగుతుంది. కణాలకు అటువంటి ఉప్పునీళ్ళు ఏవి?

దస్తావేజుల గది

ఇక్కడ మనం జీవకణం లోపలికి పోవాలి.

కణం మధ్య కేంద్రకం అనే గది ఉన్నది. ఆ గదిలో డి.ఎన్‌.ఏ. అనే పెద్ద గ్రంథం ఉన్నది. శరీరంలో ఏ ప్రోటీను ఎట్లా తయారు చెయ్యాలో అందులో రాసి ఉంటుంది. అటువంటి పుటలు మనిషికి సుమారు 20,000. వాటినే జన్యువులు అంటారు. చిత్రం ఏమిటంటే కంటి కణంలోనూ, కాలేయపు కణంలోనూ, చర్మపు కణంలోనూ ఉన్న గ్రంథం ఒకటే! మరి కన్ను కన్నుగానూ, కాలేయం కాలేయంగానూ ఎందుకు ఉన్నాయి?

రిజిస్ట్రారు కచేరీలో దస్తావేజుల గది ఉంటుంది. అసలు పుస్తకం గది దాటి బయటికి రాదు. ఎవరికైనా కావలిస్తే ఆ పుటకు నకలు తీసి ఇస్తారు. కణంలో కూడా అంతే. గ్రంథం కేంద్రకంలోనే ఉంటుంది. కావలసిన పుటకు నకలు మాత్రం బయటికి పోతుంది. ఆ నకలును చూసి బయట ప్రోటీనులు తయారవుతాయి. ఇట్లా నకలు తీయటాన్నే శాస్త్రజ్ఞులు ట్రాన్స్‌క్రిప్షన్ అన్నారు.

అయితే ఏ పుటకు నకలు తియ్యాలో, ఏ పుటకు తియ్యకూడదో చెప్పేదెవరు? అందుకు కొన్ని ప్రత్యేకమైన ప్రోటీనులు ఉన్నాయి. అవి పెద్ద గుమాస్తాల వంటివి. డి.ఎన్‌.ఏ. మీద తమకు తెలిసిన గుర్తులు వెతుక్కుని, ఆ గుర్తు మీద కూర్చుని, "ఇది తియ్యండి," అనో, "ఇది కట్టిపెట్టండి," అనో నడిపిస్తాయి. వీటిని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. మనిషిలో ఇవి సుమారు 1,600 రకాలు ఉన్నాయి. కంటి కణంలో ఒక జట్టు గుమాస్తాలు, కాలేయంలో మరొక జట్టు! కణం ఏ పని చేస్తుందో తెలియాలంటే, దాని కేంద్రకంలో ఏ గుమాస్తాలు కూర్చున్నారో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఇటువంటి గుమాస్తాలు ఉండాలని మొదట ఊహించినవారు పారిసు నగరంలో ఫ్రాంస్వా జాకబ్, జాక్ మోనో అనే ఇద్దరు. బాక్టీరియాలు పాలలోని చక్కెర దొరికినప్పుడే దాన్ని జీర్ణం చేసుకునే ప్రోటీనును ఎందుకు తయారు చేసుకుంటాయి, దొరకనప్పుడు ఎందుకు మానేస్తాయి అని ఆలోచించి, వారు 1961లో ఈ సంగతి ప్రకటించారు. 1965లో వారికి, ఆంద్రే ల్వోఫ్‌తో పాటు, నోబెల్ బహుమానం వచ్చింది. మరుసటి ఏడు వాల్టర్ గిల్బర్ట్, బెన్నో మ్యూలర్‌హిల్ అనేవారు ఆ గుమాస్తాను బాక్టీరియా నుంచి వేరు చేసి చూపారు.

మన కథకు కావలసిన గుమాస్తా పేరు పి63. ఇది 1998లో బయటపడింది. మరుసటి సంవత్సరమే, పి63 లేకుండా పుట్టేటట్టు చేసిన ఎలుక పిల్లలను శాస్త్రజ్ఞులు పరీక్షించారు. పాపం, వాటి ఒంటి మీద చర్మమే సరిగా ఏర్పడలేదు. ఒంట్లో తడి ఆరిపోయి అవి బతకలేదు. అంటే, చర్మం వంటి పొరలు మొలవాలంటే పి63 ఉండి తీరాలన్నమాట. 2001లో పెల్లెగ్రీని, డెలూకాలు మరొక సంగతి గమనించారు. కంటి అంచున ఉన్న మూలకణాల కేంద్రకాలలో పి63 నిండుగా ఉన్నది. మధ్యకు జరిగి, విత్తనపు గుణం పోగొట్టుకున్న కణాలలో అది తగ్గిపోయింది.

ఉప్పునీళ్ళు దొరికినట్టే ననుకుంటున్నారా? తొందరపడకండి. అసలు పి63ని చూడటం ఎట్లా?

కనపడనిదాన్ని చూడటం

మామూలు సూక్ష్మదర్శిని ఎంత మంచిదైనా, మిల్లీమీటరులో అయిదువేల వంతు కంటె చిన్నవాటిని విడివిడిగా చూపలేదు. వెలుతురు గుణమే అటువంటిది. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరు అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. పైగా కణంలో వేలకొద్దీ రకాల ప్రోటీనులు కిక్కిరిసి ఉంటాయి. ఒక్కదానికీ రంగు ఉండదు.

అమావాస్యనాటి రాత్రి చేనుకు ఆవల మిణుగురు పురుగు ఉన్నదనుకోండి. దాని కాళ్ళూ, రెక్కలూ మనకు కనిపించవు. కాని అది ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది గదా! అట్లాగే పి63కి ఒక దీపం కట్టగలిగితే చాలు. అయితే కిక్కిరిసిన ఆ గుంపులో సరిగా పి63నే వెతికి పట్టుకుని దీపం కట్టేవారు ఎవరు?

అటువంటివారు మన రక్తంలోనే ఉన్నారు! శరీరంలోకి పరాయి పదార్థం వస్తే, దాన్ని పట్టుకునే ప్రోటీనులు రక్తంలో తయారవుతాయి. వీటిని యాంటీబాడీలు అంటారు. 1890లో జర్మనీలో బేరింగ్ అనే ఆయనా, జపాను నుంచి వచ్చిన కిటసాతో అనే ఆయనా వీటి ప్రభావం కనిపెట్టారు. యాంటీబాడీ ఆకారం మీ ఉండేలు పంగ లాగా ఉంటుంది. పైన ఉన్న రెండు కొమ్ముల కొసలూ తాళంచెవి పళ్ళ వంటివి. ఏ తాళానికి చేసినది ఆ తాళానికే పడుతుంది. మనిషి పి63ని ఎలుకకు సూదితో ఎక్కిస్తే, ఆ ఎలుక ఒంట్లో పి63ని పట్టుకునే యాంటీబాడీలు పుడతాయి. 1975లో ఇంగ్లండులో కోలర్, మిల్‌స్టీన్ అనేవారు ఒకే రకం యాంటీబాడీని ఎంత కావలిస్తే అంత తయారు చేసుకునే మార్గం కనిపెట్టారు. అప్పటి నుంచి ఎలుక రక్తం కోసం మాటిమాటికీ వెతుక్కునే పని తప్పింది.

ఇక దీపం సంగతి. మీరు ఎప్పుడైనా బ్యాంకులో గుమాస్తా నోటును ఊదారంగు దీపం కింద పెట్టి చూడటం గమనించారా? మామూలు వెలుతురులో కనపడని సన్నని పోగులు ఆ దీపం కింద మెరుస్తాయి. దొంగ నోటులో సాధారణంగా ఇవి ఇట్లా మెరవవు. దానినే ప్రతిదీప్తి అంటారు. కొన్ని పదార్థాలు ఒక రంగు వెలుతురును మింగి, మరొక రంగు వెలుతురును బయటికి విడుస్తాయి. 1852లో ఇంగ్లండులో స్టోక్స్ అనే ఆయన ఈ గుణాన్ని బాగా పరిశీలించి పేరు పెట్టాడు.

దీన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. గాజు గ్లాసులో కాస్త మంచినూనె పోసి, చిటికెడు పసుపు కలిపి, తేరనివ్వండి. చీకటి గదిలో, పెద్దవారిని దగ్గర ఉంచుకుని, నోట్లు పరీక్షించే దీపం దాని మీద వెయ్యండి. నూనె ఆకుపచ్చ కలిసిన పసుపు రంగుతో మెరుస్తుంది. ఆ దీపాన్ని మాత్రం కళ్ళలోకి వేసుకోకూడదు సుమా! కంటి పాఠం చెప్పుకుంటూ కన్ను పాడు చేసుకోవటం తెలివితక్కువ.

యాంటీబాడీకి ఇటువంటి మెరిసే పదార్థం అంటించవచ్చునని మొదట చేసి చూపినవాడు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయపు యువ వైద్యుడు ఆల్బర్ట్ కూన్స్. రోగి శరీరంలో క్రిములు సరిగా ఎక్కడ దాగి ఉన్నాయో చూడాలని ఆయన కోరిక. అంతకు ముందు కొందరు యాంటీబాడీలకు మామూలు రంగులు అంటించి చూశారు గాని, ఆ రంగు కంటికి ఆనేటంత లేదు. కూన్స్, తన మిత్రులైన రసాయన శాస్త్రజ్ఞుల సాయంతో, నీలంగా మెరిసే పదార్థాన్ని అంటించి 1941లో ప్రకటించాడు. క్రిములు మెరిశాయి. కాని శరీరంలోని కండ కూడా తనంతట తాను కాస్త నీలంగా మెరుస్తుంది! నీలంలో నీలం ఎట్లా కనబడుతుంది? అందుచేత ఆయన ఆకుపచ్చగా మెరిసే ఫ్లోరసీన్ అనే పదార్థాన్ని ఎన్నుకుని, 1942లో విజయం సాధించాడు. అంతలో రెండవ ప్రపంచయుద్ధం కారణంగా ఆయన సైన్యంలో వైద్యుడుగా వెళ్ళవలసి వచ్చింది. తిరిగి వచ్చి, ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టి, 1950లో పద్ధతిని మెరుగుపరిచి ప్రచురించాడు. 1958లో మరికొందరు ఆ రంగును సులువుగా, అపాయం తక్కువగా అంటించే ఉపాయం కనిపెట్టారు. ఈనాటికీ ప్రయోగశాలలలో ఆ రంగు వాడుతూనే ఉన్నారు.

పట్టుకునేది యాంటీబాడీ, కనపడేటట్టు చేసేది రంగు. రెండూ కలిస్తే, వెతికి పట్టుకుని దీపం కట్టే నౌకరు తయారైనాడన్నమాట.

సగం పని కడగటమే

ఇప్పుడు మనం ప్రయోగశాలకు పోయి, కంటి కణాలలో పి63ని ఎట్లా వెలిగిస్తారో చూద్దాము.

మొదట గాజు పలక మీద ఉన్న కణాలను ఫార్మలిను వంటి మందుతో బిగిస్తారు. ఎక్కడివక్కడ కదలకుండా నిలిచిపోతాయి. తరవాత సబ్బు వంటి పదార్థం వేస్తారు. ఎందుకంటే, ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరు ఉండేది గదిలోపలి గదిలో. కణపు గోడకూ, కేంద్రకపు గోడకూ సన్నని బెజ్జాలు పడితేనే యాంటీబాడీ లోపలికి పోగలుగుతుంది. కణం పైన ఉండే ప్రోటీనును వెలిగించటం వాకిట్లో నిలబడినవాణ్ణి పిలవటం వంటిది. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరును వెలిగించటం లోగదిలో ఉన్నవాణ్ణి పిలవటం వంటిది. అందుకే దీనికి శ్రమ ఎక్కువ.

ఆ పైన, యాంటీబాడీ ఎక్కడ పడితే అక్కడ అంటుకోకుండా, వేరే ప్రోటీను ఏదైనా కలిపిన నీటితో ఖాళీ చోట్లన్నీ నింపుతారు. అప్పుడు పి63ని పట్టుకునే ఎలుక యాంటీబాడీ వేసి, గంటసేపో, రాత్రంతానో ఉంచుతారు. తరవాత కడుగుతారు. మళ్ళీ కడుగుతారు. మరొకసారి కూడా కడుగుతారు. పట్టుకున్నవి నిలుస్తాయి, మిగిలినవి కొట్టుకుపోతాయి.

ఇప్పుడు రెండవ యాంటీబాడీ వేస్తారు. ఇది సాధారణంగా మేకలో తయారైనది. ఎలుక యాంటీబాడీని పట్టుకోవటమే దీని పని. మెరిసే రంగు దీనికి అంటించి ఉంటుంది. ఒక్కొక్క ఎలుక యాంటీబాడీకి మేక యాంటీబాడీలు అనేకం పట్టుకుంటాయి కనక వెలుగు ఎక్కువ అవుతుంది. మళ్ళీ మూడుసార్లు కడుగుతారు. చివరకు డి.ఎన్‌.ఏ.కు నీలిరంగు వేస్తే కేంద్రకాలన్నీ నీలంగా కనిపిస్తాయి. ఇదంతా మసక వెలుతురులో చెయ్యాలి. ఎక్కువ వెలుతురు తగిలితే మెరిసే రంగు వెలిసిపోతుంది.

సూక్ష్మదర్శినిలో నీలి వెలుతురు కణాల మీద వేస్తారు. తిరిగి వచ్చే వెలుతురులో నీలాన్ని ఆపివేసి, ఆకుపచ్చను మాత్రమే కంటికి వదిలే అద్దం ఒకటి ఉంటుంది. అంతా నల్లని చీకటి. ఆ చీకటిలో కొన్ని కేంద్రకాలు మాత్రం ఆకుపచ్చని దీపాల లాగా వెలుగుతాయి. కొన్ని ధగధగ, కొన్ని మసకమసక, కొన్ని అసలే లేవు. ధగధగ మెరిసేవే విత్తనాలు!

కాని మంచి శాస్త్రజ్ఞుడు వెలుగు కనిపించగానే గంతులు వెయ్యడు. "నేను చూసేది నిజంగా పి63 వెలుగేనా?" అని తనను తానే అడుగుతాడు. అందుకని మొదటి యాంటీబాడీ వెయ్యకుండా, రెండవది మాత్రమే వేసిన పలక ఒకటి పక్కన పెట్టుకుంటాడు. అది కూడా వెలిగితే పనిలో తప్పున్నట్టే. పి63 లేదని ముందే తెలిసిన కణాలను కూడా ఇట్లాగే పరీక్షిస్తాడు. అవి వెలిగితే యాంటీబాడీ దొంగ సాక్ష్యం చెపుతున్నట్టే. యాంటీబాడీలు అప్పుడప్పుడు పొరపాటున పక్కవాణ్ణి పట్టుకుంటాయి మరి! నాబోటి మేష్టరు 1988లో ఇట్లా తనను తాను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఎంత బాగుండేది!

ఇంకొక సంగతి. ఇట్లా బిగించి, బెజ్జాలు వేసి వెలిగించిన కణాలు చచ్చిపోయినవి. వాటిని మళ్ళీ కంట్లో నాటటానికి లేదు. మరి పరీక్ష ఎందుకు? రైతు బస్తాలోని గింజలన్నిటినీ మొలకెత్తించి చూడడు గదా! గుప్పెడు తీసి తడి గోనెగుడ్డలో చుట్టిపెట్టి, నూటికి ఎన్ని మొలిచాయో లెక్కపెడతాడు. దాన్నిబట్టి బస్తా ఎటువంటిదో తెలుస్తుంది. ఇక్కడా అంతే. పెంచిన కణాలలో కొద్దిగా తీసి పరీక్షిస్తారు, మిగిలినవి రోగికి నాటుతారు.

నూటికి మూడు

2010లో ఇటలీ శాస్త్రజ్ఞులు 112 మంది రోగుల లెక్కలు ప్రకటించారు. వారిలో ఎక్కువమంది సున్నం వంటి మందులతోనో, ఆమ్లాలతోనో కళ్ళు కాల్చుకున్నవారు. నాటిన కణాల తాలూకు పరీక్షలో, పెరగగల కణాలలో నూటికి మూడు కంటె ఎక్కువ పి63తో ధగధగ మెరిసినవి అయితే, నూటికి 78 మందికి చికిత్స ఫలించింది. మూడు, అంతకు తక్కువ అయితే, నూటికి 11 మందికి మాత్రమే ఫలించింది.

చూశారా! పళ్ళెంలో రెండూ ఒకే రకంగా కనబడేవి. తేడా నూటికి మూడు విత్తనాలలో ఉన్నది. ఆ తేడాను చూపినది ఒక చిన్న ఆకుపచ్చ వెలుగు. ఇన్ని విత్తనాలు లేనిదాన్ని నాటి, రోగిని ఊరికే కోసి, ఊరికే ఆశపెట్టే అవసరం ఇక లేదు. 2015లో యూరపు దేశాలు ఈ చికిత్సకు అనుమతి ఇచ్చాయి.

మన హైదరాబాదులోని ఎల్‌.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కూడా 2001 నుంచి ఇట్లా కణాలను పెంచి నాటారు. అయితే ప్రయోగశాలలో పెంచటం చాలా ఖర్చుతో కూడిన పని. అందుచేత అక్కడి వైద్యులు వీరేందర్ సాంగ్వాన్, ఆయన తోటివారు మరొక ఉపాయం ఆలోచించి 2012లో ప్రకటించారు. మంచి కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల చదరపు ముక్క తీసి, దాన్ని ఇంకా చిన్న ముక్కలుగా కోసి, కాలిన కంటి మీద పలచని పొర పరిచి, ఆ ముక్కలను ఒక రకం జిగురుతో అక్కడక్కడ అతికిస్తారు. గాజు పళ్ళెం అక్కరలేదు, కన్నే చేను! నారు తీసి దూరం దూరంగా నాటినట్టు, ఒక్కొక్క ముక్క చుట్టూ పొర పెరిగి కలిసిపోతుంది. విత్తనాలు అంచునే ఉన్నాయని తెలియకపోతే ఇటువంటి ఉపాయం ఎవరికీ తోచదు గదా!

మా కుర్రవాడి సంగతి చెప్పలేదు. అతనిప్పుడు కుర్రవాడు కాడు, ఊళ్ళో కిరాణాకొట్టు పెట్టుకున్నాడు. 2014లో అతణ్ణి ఒక పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. ఎడమ కంటి అంచు నుంచి ముక్క తీసి కుడికంటికి నాటారు. కంటి లోతున పాత మచ్చ ఉన్నది కనక చూపు పూర్తిగా రాలేదు. కాని ఎరుపు పోయింది, నీళ్ళు కారటం పోయింది. కుడికన్నుతో మనిషి ఆకారం పోల్చుకోగలడు. "మాస్టారూ, మీరు తెల్ల చొక్కా వేసుకున్నారు," అన్నాడు ఆ కంటితో మొదటిసారి నన్ను చూసి.

అతని కొట్లో తాంబూలపు సున్నం పొట్లాలు కూడా అమ్ముతాడు. వాటిని పిల్లలకు అందకుండా పైకప్పు వాసానికి కట్టి ఉంచుతాడు. పిల్లవాడు డబ్బు పట్టుకు వస్తే, "మీ తాతను పంపు," అంటాడు. ఆ పొట్లాలను నొక్కితే పగిలి కంట్లోకి చిమ్ముతాయి. మన దేశంలో పిల్లల కళ్ళు అట్లా ఎన్నో పోయాయి.

కనక, బాలలూ, ఈ పాఠంలో మీరు తక్కినది మరిచిపోయినా ఇది మాత్రం మరవకండి. ఎవరి కంట్లోనైనా సున్నం పడితే ఆముదం వద్దు, నెయ్యి వద్దు, నలపటం వద్దు. పైకి కనిపించే సున్నపు పలుకులు ఉంటే తడిగుడ్డ కొసతో వెంటనే తీసివేసి, రెప్పలు విప్పి పట్టుకుని, శుభ్రమైన నీళ్ళు ధారగా పొయ్యండి. ఒక చెంబుతో ఆపకండి. అరగంట సేపు పొయ్యండి. ఆ తరవాత డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. దోవలో కూడా వీలైతే కడుగుతూనే ఉండండి.

"ఎంతసేపు కడిగారు?" అని డాక్టరుగారు అడిగినప్పుడు, మీ దగ్గర జవాబు ఉండాలి.